ఇంటి రంగు – ఇంటి ధూళి

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను లోకోక్తి నెఱుగనివారు మన దేశమున లేరు. కాపురమున్న యింటికి లోపల రంగు వేయించి చూడు మను మాటను గూడ దీనికి చేర్చినచో బాగుండునని మా యభిప్రాయము. క్రొత్తగా కట్టిన యింటికి రంగు వేయుట సులభము. అందు మంచములు లేవు, వంటపాత్రలు లేవు, పాకులాడు బిడ్డలు లేరు. గోడలను గీకినను రుద్దినను రాలిన దుమ్ము నేలమీద బడియుండును. పనివానిని తప్ప మఱియెవరిని బాధింపదు. కాపురమున్న యిల్లట్లు కాదు. ఒక గదిలో గోడ రుద్దుచుండగా రెండవ గదిలో నన్నము వండుచుందురు. మూడవ గదిలో ముసలివారు దగ్గుచుందురు. నడవలో బిడ్డ బొమ్మను నోట బెట్టుకొని కూర్చుండును. ఇంతమంది నడుమ లేచు ధూళికి నెవరు బాధ్యులు?

మన యిండ్లకు రంగు వేయించు సమయములు ముఖ్యముగా మూడు: సంక్రాంతికి ముందు, పెండ్లికి ముందు, పసిబిడ్డ యింటికి వచ్చుటకు ముందు. మూడును సంతోష సమయములే. మూడింటికిని గడువు కలదు. గడువున్న పనిలో తొందర తప్పదు; తొందర పనిలో మొట్టమొదట విడిచిపెట్టబడునది ధూళిని గూర్చిన జాగ్రత్త. రంగు ఛాయ నెన్నుకొనుటకు నెలదినములు పట్టును. ఛాయల చీటీలను గోడ కానించి, పగటి వెలుతురున నొకమాఱు, దీపపు వెలుతురున నొకమాఱు చూచి, బంధువుల నడిగి, పొరుగువారి నడిగి, తుదకు మొదట మెచ్చిన ఛాయనే నిశ్చయింతురు. ధూళిని గుఱించి మాత్రము ఒక నిమిషమైనను మాటలాడరు. "దుమ్ము లేకుండా పనెలా అవుద్దండీ?" అని మేస్త్రి యనును. "నిజమే" యని యజమాని తల యూచును. అంతటితో నా ప్రసంగము ముగియును.

ఆ "నిజమే" యను మాటలో సగము మాత్రమే నిజమని చెప్పుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము. ధూళి పుట్టుట కొంతవఱకు తప్పదు. అది యెంత పుట్టవలయును, ఎచ్చటికి పోవలయును, ఎవరి యూపిరిలో చేరవలయును అనునవి మాత్రము మనము నిర్ణయింపదగినవే. మనము నిర్ణయింపకున్నచో నది మాటలాడలేని వారి పాలబడును: రంగు వేయు కూలివాని పాలు, ఊడ్చు స్త్రీ పాలు, నేలమీద పాకు శిశువు పాలు.

మా యిల్లు రాజమహేంద్రవరమున 1979వ సంవత్సరమున కట్టినది. మొదటి పదునైదేండ్లు సంక్రాంతి సంక్రాంతికి సున్నము కొట్టించితిమి. తరువాత డిస్టెంపరు వచ్చెను; ఆ తరువాత నీటితో కలుపు ఎమల్షను రంగు వచ్చెను. తలుపులకును కిటికీలకును ఆకుపచ్చ నూనెరంగు. గడపలకు పసుపుపచ్చ నూనెరంగు, దానిపై నెఱ్ఱని బొట్లు. గడపకు నిత్యము పసుపు పూసి కుంకుమ పెట్టు నోపిక లేని కాలమున, ఆ పసుపు కుంకుమలకు మాఱుగా నూనెరంగే శాశ్వతముగా నుండునని మన యిండ్లలో ననేకులు చేయించిన యేర్పాటు మా యింటను జరిగెను. ఇట్లు నలువదేండ్లకు పైబడిన పొరలు మా గోడలపైనను తలుపులపైనను పేరుకొనియుండెను. వానపొటున నొక గది గోడ పెచ్చులూడుటయు, మా కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చు సమయము సమీపించుటయు నొకే యేట తటస్థించెను. ఇంటివారందఱును రంగు వేయింపవలయు ననిరి. మేమును సమ్మతించితిమి. అయితే గర్భవతి వచ్చు ఇంటిలో, పసికందు పెరుగు ఇంటిలో, నలువదేండ్ల పొరలను గీకుట యనగా నేమియో ముందుగా తెలిసికొనవలయునని మాకు తోచెను.

మొదట ధూళి స్వభావమును గూర్చి రెండు మాటలు. మీటరులో పదిలక్షలవ వంతునకు మైక్రానని పేరు. మన తలవెండ్రుక మందము రమారమి 70 మైక్రానులు. గోడను ఉప్పుకాగితముతో రుద్దినప్పుడు లేచు ధూళిలో మన కంటికి కనబడునది ముతక భాగము మాత్రమే. పది మైక్రానులకు మించిన రేణువులు చాలవఱకు ముక్కులోను గొంతులోను చిక్కి, చీమిడిగను కఫముగను బయటికి వచ్చును. నాలుగు మైక్రానులకు లోబడిన రేణువులు ఊపిరితిత్తుల లోతట్టున నున్న గాలితిత్తుల వఱకు పోగలవు. పది మైక్రానుల రేణువు కదలిక లేని గాలిలో పైకప్పు నుండి నేలకు దిగుటకు నిమిషములు చాలును. ఒక మైక్రాను రేణువునకు గంటల కొలది పట్టును. ఫంకా తిరుగుచున్నచో నది దిగనే దిగదు. కావున "దుమ్మంతయు నణగినది, ఇక లోపలికి రండు" అని మన మనునప్పటికి అణగినది ముతక దుమ్ము. గాలిలో తేలుచున్నది హానిచేయు దుమ్ము. ఆ మీదట పొడి చీపురుతో నూడ్చినచో నణగినది గూడ మరల లేచును.

ఇక నా ధూళిలో నేమున్నదను ప్రశ్న. సున్నపు పెచ్చులలో సున్నము. క్రొత్త లప్పములో తెల్లసిమెంటును చలువరాతి పొడియు. గోడపూతను చెక్కినచో నందలి యిసుక. ఇవి ఉబ్బసము గలవారికి నాటి రాత్రియే బాధ కలిగించును. ఏండ్ల తరబడి పీల్చు పనివారికి దీర్ఘవ్యాధులను తెచ్చును. ఇసుకపొడి ఊపిరితిత్తులను గట్టిపఱచు సిలికోసిసను వ్యాధికి మూలము. వీని కన్నిటికంటె భయంకరమైనది పాత నూనెరంగులోని సీసము. తెల్లదనమునకును నిలుకడకును తెల్లసీసము, పసుపు వన్నెకు సీసపు క్రోమేటు, ఇనుమునకు త్రుప్పు పట్టకుండుటకు సిందూరము, త్వరగా నాఱుటకు మఱికొన్ని సీసపు లవణములు - ఇట్లు సీసము రంగుల పరిశ్రమలో చిరకాలము నుండి పాతుకొనిపోయెను. గోడపై గట్టిగా నంటియున్నంతకాలము దానివలన భయము స్వల్పము. దానిని రుద్ది పొడిచేసిన నిమిషమున నది యింటివారి చేతులకును, అన్నమునకును, ఊపిరికిని చేరును.

ఇది నిన్న మొన్న కనుగొన్న విషయము కాదు. ఇటలీ దేశపు వైద్యుడగు బెర్నార్డినో రామజ్జినీ శ్రమజీవుల వ్యాధులను గూర్చి 1700వ సంవత్సరమున నొక గ్రంథమును ప్రకటించి, అందు వృత్తి వృత్తికి వచ్చు రోగములను వేఱువేఱుగా వివరించెను. రంగులతో పనిచేయు చిత్రకారుల నాతడు మఱవలేదు. వైద్యుడు రోగిని చూచునపుడు "నీ వృత్తి యేమి?" యని కూడ నడుగవలయునని బోధించినవా డాతడే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున లాక్‌హార్టు గిబ్సనను కంటివైద్యుడు చూపు చెడి తనయొద్దకు వచ్చు పిల్లలను పరీక్షించి, 1904లో నొక వ్యాసమును ప్రకటించెను. వరండా కమ్ములకును గదుల గోడలకును వేసిన రంగు పొడియై పిల్లల చేతుల కంటుటయు, ఆ చేతులను వారు నోట బెట్టుకొనుటయుఁ బిల్లలకు సీసవిషమెక్కుటకు కారణమని యాతడు చాటెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇండ్ల లోపలి రంగుపనిలో తెల్లసీసపు వాడుకను కొన్ని మినహాయింపులతో నిషేధించు నొడంబడికను గావించెను. 1922లో క్వీన్స్‌లాండు రాష్ట్రము పిల్లల చేతి కందుచోట్ల సీసపు రంగులు వేయరాదని చట్టము చేసెను. మన దేశమున 2016 నవంబరులో కేంద్రప్రభుత్వము నియమములను ప్రకటించి, 2017 నవంబరు 1వ తేదీ నుండి గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములను మించరాదని శాసించెను. గిబ్సను వ్యాసమునకును మన నియమమునకును నడుమ నూట పదుమూడేండ్లు గడచినవి. ఆ నూట పదుమూడేండ్లలో వేసిన రంగులు మన తలుపులపై నేటికిని పొరలు పొరలుగా నున్నవి.

సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెఱచును. పెద్దవారి కడుపులో చేరిన సీసములో రక్తమున కెక్కు భాగముకంటె పిల్లల కడుపులో చేరిన దానిలో రక్తమున కెక్కు భాగము నాలుగైదు రెట్లధికము. ఇంతవఱకు హానిలేదని నిర్ణయించి చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. గర్భవతి రక్తమున నున్న సీసము మావిని దాటి శిశువును చేరును. ఈ సంగతులు తెలిసిన తరువాత మా గడపలమీది పసుపు రంగును చూచిన కన్నులు వేఱైనవి. బిడ్డ పాకునది యా గడప మీదనే. చేతులూని నిలుచునది యా తలుపు పట్టుకొనియే. పరీక్ష చేయింపని పాత నూనెరంగులో సీసమున్నట్లే యెంచి నడచుకొనుట క్షేమమని నిశ్చయించితిమి.

మేస్త్రిని పిలిపించి, పాత గోడలను తడిపి గీకవలయుననియు, తలుపులను పొడిగా రుద్దగూడదనియు, మంటతో కాల్చి రంగు నూడదీయగూడదనియు చెప్పితిమి. ఆయన ముప్పదియేండ్లుగా నీ వృత్తిలో నున్న పెద్దమనిషి. మా మాటలను శ్రద్ధగా విని, కొంతసేపూరకుండి యిట్లనెను: "చెప్పింది బానే ఉందండి బాబుగారూ. మాది చదరపు అడుగు లెక్క కదండీ. తడిపి గీకితే ఒక రోజులో అయ్యే పని రెండ్రోజులవుద్దండి. ఆ రెండో రోజు కూలి ఎవరిస్తారండీ?"

చదువరులారా, ఈ ప్రశ్నలోనే విషయమంతయు నిమిడియున్నది. మనము చదరపు అడుగునకింతయని బేరమాడుదుము. ఆ లెక్కలో లప్పము కలదు, ప్రైమరు కలదు, రంగు కలదు. ముక్కునకు కట్టుకొను ముసుగు లేదు, నీరు చల్లి యాగు సమయము లేదు, పట్టాలు కట్టు శ్రమ లేదు, తడిగుడ్డతో తుడుచు పని లేదు. లెక్కలో లేని పనిని ఎవడు చేయును? ఎంత త్వరగా రుద్దిన నంత లాభమను బేరమును కుదుర్చుకొన్నవారము మనమే. పిమ్మట "ఈ పనివాండ్రకు శుభ్రత తెలియదు" అని యనువారమును మనమే. శుభ్రత వారికి తెలియును. దాని వెల నెవరును చెల్లింపకుండుటయే వారికింకను బాగుగా తెలియును.

రెండవ దినపు కూలి మే మిత్తుమంటిమి. పని యొడంబడికను కాగితముపై వ్రాసికొంటిమి. గీకుటకు ముందు తడుపుట, గదికి గది వేఱుచేసి మూయుట, పనివారందఱకు తగిన ముసుగులు, ప్రతిసాయంకాలము తడిగా శుభ్రపఱచుట, పోగైన చెత్తను సంచులలో కట్టుట - ఈ అయిదింటిని చదరపు అడుగుల లెక్కతో సంబంధము లేక దినకూలిపై నుంచితిమి. మొత్తము మీద నాలుగు దినముల కూలి యధికమాయెను. ఛాయల చీటీలలో నొకమెట్టు ఖరీదైన రంగునకు పోవుటకన్న నది తక్కువ. మా కుమార్తె రాకకు నెలదినములకు ముందే పని ముగియునట్లు గడువు నేర్పఱచుకొంటిమి.

గదిని సిద్ధపఱచుటలో మేము నేర్చుకొన్న విషయములను చెప్పెదము. పాత చీరలు కప్పినచో వస్తువులకు రక్షణ యని మన స్త్రీలు తలంతురు. చీర ముతక దుమ్ము నాపును. సన్నని ధూళి నేతలోనుండి జాఱి లోపల చేరును. కావున మోయగలిగినవాని నన్నిటిని బయటికి మోసి, మోయలేని బీరువాను మాత్రము ప్లాస్టిక్కు పట్టాతో చుట్టి యంచులను అంటుపట్టీతో మూయించితిమి. ఇంటిలోనికి తెఱచుకొను ద్వారమునకు పైనుండి క్రిందివఱకు పట్టా దించి, దాని పాదమున తడి గోనెను పఱచితిమి. రాకపోకలకు మూల నొక చీలికను విడిచి, దానిపై రెండవ పట్టాను వ్రేలాడదీసితిమి. పైకప్పు ఫంకాను ఆపి మూత కట్టించితిమి. వీథివైపు కిటికీలో నొక ఫంకాను వెలుపలికి తిప్పి నిలిపితిమి; గదిలోని గాలిని అది బయటికి నెట్టుచుండును; ద్వారపు సందులనుండి యింటిగాలి గదిలోనికి వచ్చునే కాని గదిలోని ధూళి యింటిలోనికి రాదు. ఆ కిటికీ పొరుగువారి వంటయింటి కెదురుగా నుండకుండ చూచుకొనుట ధర్మము. మన యిల్లు శుభ్రమగుటకు పొరుగిల్లు మురికి కారాదు గదా.

ధూళిని పట్టుకొనుటకంటె పుట్టకుండ చేయుట మేలు. సున్నపు గోడపై నీరు చల్లి కొంతసేపాగి గీకినచో పెచ్చులు ముద్దలుగా రాలును, పొడిగా లేవవు. లప్పమును మందముగా నొకేసారి పూసి తరువాత రుద్దుట కన్న, పలుచగా రెండుమాఱులు పట్టీతో నునుపుగా లాగుటవలన రుద్దవలసిన భాగమే తగ్గును. అంచులు పూర్తిగా గట్టిపడక మునుపే తడి స్పంజితో నిమిరినచో నింకను తగ్గును. గట్టిపడిన సిమెంటు లప్పమును తప్పక రుద్దవలసినచోట వాక్యూము గొట్టము తగిలించిన యంత్రమును అద్దెకు తెప్పించితిమి. సన్నని ధూళిని పట్టు జల్లెడ గల యంత్రమే యిందుకు తగును. సామాన్యమైన వాక్యూము యంత్రము ముందునుండి పీల్చిన సన్నని ధూళిని వెనుకనుండి విడుచును.

తలుపులమీది రంగు చాలవఱకు గట్టిగానే యుండెను. దాని నూడదీయక సబ్బునీటితో కడిగి, నీటిలో ముంచిన ఉప్పుకాగితముతో మెఱుగు పోవునంతమాత్రము తేలికగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, దానిపై క్రొత్తరంగు వేయించితిమి. గట్టిగా నంటియున్న పాతపొరను కదల్పక క్రొత్తపొరచే కప్పుట క్షేమమైన మార్గము. గడపలయందు మాత్ర మది చాలదు. కాలి రాపిడికి పైపొర యరిగి క్రిందిది బయటపడును. కావున క్రింద పట్టా పఱచి, నీరు చల్లుచు, చేతిపట్టీతో గడపలను కఱ్ఱవఱకు గీయించి, ఆ తడి పెచ్చులను జంటసంచులలో కట్టించితిమి. ఆ దినము ఇంటివారెవరును ఆ తట్టునకు రాలేదు. ఇప్పుడా గడపలకు నూనెరంగు లేదు. ఇంట దంచిన పసుపే పూయుచున్నాము. మన పూర్వుల యాచారము ఈ యొక్క విషయమున మన సౌకర్యముకంటె తెలివిగలదని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

ముసుగుల విషయమున మాత్రము కొంత చర్చ జరిగెను. తువ్వాలు కట్టుకొన్న చాలునని మేస్త్రి యనెను. తువ్వాలు సన్నని ధూళి నాపదని చెప్పి ఎన్-95 ముసుగులు తెప్పించి యిచ్చితిమి. ఆయనతో వచ్చిన మేనల్లుడు పందొమ్మిదేండ్ల పిల్లవాడు. దానిని చేత బట్టుకొని తిప్పి చూచుచుండెనే కాని పెట్టుకొనలేదు. కారణ మడిగితిమి. "సుకుమారంగా ఉన్నాడు, వీడేం పని చేస్తాడని అనుకుంటారేమోనండి" అని తల వంచుకొనెను. ఈ మాట మా మనస్సున నాటుకొనెను. తన యూపిరిని కాపాడుకొనుట యజమాని కంటికి సోమరితనముగా కనబడునేమో యని యొక కుఱ్ఱవాడు భయపడుచున్నాడు. అట్టి భయమును వానికి నేర్పినది ఎవరు? గోడ నునుపును వ్రేలితో తడిమి చూచి, రుద్దినవాని దగ్గును వినని మన వంటి గృహస్థులే. "నువ్వది పెట్టుకుంటేనే పని మొదలుపెట్టు నాయనా" అని చెప్పిన పిమ్మట పెట్టుకొనెను. సాయంకాలము విప్పినపుడు ముసుగు వెలుపలితట్టు తెల్లగా పేరుకొన్న పొడిని తన మామకు చూపి, "చూడు మావయ్యా, ఇదంతా లోపలికి పోయేదే" అనెను. మేస్త్రి మాటలాడలేదు. మఱునాటి నుండి అడుగకయే తానును పెట్టుకొనెను.

పనివారు కాఫీకి ముందు చేతులు ముఖము కడుగుకొనుటకు పెరటిలో నీరు, సబ్బు ఏర్పఱచితిమి. చేతి కంటిన ధూళి బీడీతోడను ఫలహారముతోడను కడుపులోనికి పోవును గదా. ఇంటికి పోవునపుడు వేఱుబట్టలు కట్టుకొని, పనిబట్టలను సంచిలో వేసికొని పొమ్మంటిమి. వారి యిండ్లలోను పసిపిల్లలు కలరు. మన గోడమీది సీసము వారి బిడ్డల యుయ్యాలకు చేరుట న్యాయము కాదు.

ఇక నూడ్చుటను గూర్చి. మన యిండ్లలో పురుషులు రంగు నెన్నుదురు, స్త్రీలు దుమ్మునెత్తుదురు. పనివారు వెడలిపోయిన తరువాత పదునైదు దినముల వఱకు ఇల్లాలును పనిచేయు ఆమెయు చీపురుతో పోరాడుచునే యుందురు. అలమరలో, అద్దపు చట్రములో, బియ్యపు డబ్బా మూతమీద, దేవుని పటముమీద - తుడిచినచోటనే మఱునాడు మరల తెల్లని పొర. ఈ శ్రమకు కూలి లేదు, లెక్క లేదు, పేరు లేదు. "రంగుపని వారములో నయిపోయినది" అని యజమాని చెప్పుకొను వారములో నీ పదునైదు దినములు చేరవు. మా యింట ప్రతిసాయంకాలము పనివారే, కూలి పుచ్చుకొని, పైనుండి క్రిందికి తడిగుడ్డతో తుడిచి, నేలను తడిగా నొత్తి, నీటిని మాటిమాటికి మార్చిరి. పని ముగిసిన రాత్రి గదిని మూసియుంచి, మఱునాటి యుదయమున మరల నొకమాఱు తుడిచిరి. చీపురును మాత్రము వారము దినములు అటక యెక్కించితిమి. పనిచేయు ఆమె నవ్వి, "ఇన్నేళ్ళలో రంగులేసిన ఇంట్లో చీపురు ముట్టుకోంది ఇదే మొదలమ్మా" అని మా యింటి యామెతో ననినది. ఇంతకన్న మంచి యోగ్యతాపత్రమును మేము కోరము.

మా పినతండ్రిగారు ఎనుబదియేండ్ల వారు. మా యేర్పాటులను చూచి నవ్విరి. "మా కాలంలో ఏటేటా సున్నం కొట్టించేవాళ్ళంరా. అందరం ఆ దుమ్ములోనే పెరిగాం. ఎవరికేమయింది?" అనిరి. "ఏమీ కానివాళ్ళే కదండీ బాబాయిగారూ, ఇప్పుడు మనతో ఈ మాట చెప్పేది" అని వినయముగా మనవి చేసితిమి. ఆయన కాలపు పని వేఱు. సున్నమును తడిగా కొట్టిరి. గోడను అద్దమువలె రుద్దలేదు. లప్పము లేదు, రుద్దు యంత్రము లేదు, ఇంటిలో మూసిన కిటికీలు లేవు. ఆడువారు వాకిట కల్లాపి చల్లి దుమ్ము నణచుట నెఱిగియుండిరి. మేము గోడకు చేయించినది యా కల్లాపియే యని చెప్పగా నాయన సంతోషించి, "అలా చెప్పు మరి" అనిరి. మన యింటి తల్లులు నిత్యము వాకిట చేయుచుండిన పనిని గోడయొద్ద చేయించుటకు మనకు పాశ్చాత్య వైద్యుల సాక్ష్యము కావలసివచ్చినది. వచ్చినను నష్టము లేదు. పని జరుగుట ముఖ్యము.

ఇన్ని యేర్పాటులు ధనవంతులకే సాధ్యమని కొందఱు చెప్పుదురు. వెలలేని వానిని మొదట చేయవచ్చును. నీటికి వెల లేదు. ఫంకా ఆపుటకు వెల లేదు. పొడి చీపురును మాని తడిగుడ్డ పట్టుటకు వెల లేదు. గట్టిగా నున్న పాత నూనెరంగును గీకకుండుటకు వెల లేకపోవుటయే కాక కూలియు మిగులును. రెండు గదుల యింటివారు ఒక గదిని ముగించి శుభ్రపఱచిన తరువాతనే రెండవ దానిలో పని మొదలుపెట్టవచ్చును. గర్భవతిని, పసివారిని, ఉబ్బసము గలవారిని గీకుడుపని జరుగు దినములలో బంధువుల యింటికి పంపవచ్చును. పండుగ గడువులో నిదంతయు కుదురదన్నచో, రంగును పండుగ తరువాతకు త్రోయవచ్చును. వెల్ల వేయని గోడను చూచి సంక్రాంతి వెనుకకు పోదు.

రంగు నాణ్యమునే కోరువారికి గూడ నొకమాట. ధూళి పట్టిన గోడపై రంగు గోడకు గాక ధూళికి అంటుకొనును, ధూళితోడనే యూడిపోవును. తడిరంగుపై వ్రాలిన రేణువులు ఎండి గరుకై జీవితాంతము కనబడుచుండును. "పైన పటారము, లోన లొటారము" అను సామెత యట్టి గోడలకే తగును. శుభ్రముగా తుడిచిన మా గోడలపై ప్రైమరు సమముగా పట్టెను. రంగు రెండుపూతలతో సరిపోయెను.

కావున రంగు వేయింపబోవు గృహస్థులు ఛాయ నెన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలను తమకు తాము వేసికొనవలయునని కోరుచున్నాము. గీకబోవు పొర యెన్నటిది? దానినుండి లేచు ధూళిని పీల్చువారెవరు? దానిని ఆపుటకు పట్టు దినముల కూలి యొడంబడికలో వ్రాసితిమా? మొదటిది విజ్ఞానమునకు సంబంధించినది, రెండవది దయకు, మూడవది న్యాయమునకు. మొదటి రెండింటిని ఎఱిగియు మూడవదానిని విడుచువారే మనలో నెక్కువ. మేస్త్రి యడిగిన యా రెండవ దినపు కూలిని ప్రతి యింటను చెల్లించు నాచార మేర్పడినచో, మిగిలిన జాగ్రత్తలను పనివారే మనకు నేర్పుదురు.